సున్నం పట్టిన దారాలు

మొన్న మా అపార్ట్‌మెంటు కట్టి పదిహేనేళ్ళయిందని అసోసియేషన్ వాళ్ళు నిగనిగలాడే కాగితం మీద ఒక పుస్తకం అచ్చు వేశారు. అందులో బిల్డరు ఉన్నాడు. వినాయకచవితి లడ్డూ పాడుకున్నవాళ్ళు ఉన్నారు. మూడో అంతస్తు వాళ్ళ కుక్క కూడా ఉంది. నర్సింహ లేడు. నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలో సగం నా మీదే కనుక ఎవరితోనూ పోట్లాడకుండా ఇంటికొచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పేరు సీతామహాలక్ష్మి, ఊరు తెనాలి. ముప్ఫై ఏళ్ళు సినిమాల్లో హెయిర్ డ్రెస్సర్‌గా చేశాను. హీరోయిన్లకు జడలు వేశాను, సవరాలు కట్టాను, విగ్గులు ఉతికాను. ఫిల్మ్‌నగర్ నుంచి జూబ్లీహిల్స్ వైపు ఎక్కే వాలులో ఒక ఫ్లాటు కొనుక్కున్నాను. పని మానేశాక ఖాళీగా కనపడ్డానని నన్ను పట్టుకుని అసోసియేషన్ సెక్రటరీని చేశారు. లిఫ్టు ఆగినా, కొళాయి కారినా, పై ఇంటి వాళ్ళు రోట్లో దంచినా నా తలుపే కొడతారు.

మా వెనక గోడ దిగువన నాలా ఉంది. నాలా అవతల బస్తీ, నలభై ఇళ్ళు. ఆ బస్తీకి మంచినీళ్ళ గొట్టం వేరే దారి లేక నాలాలోంచే వెళ్తుంది. రోజు విడిచి రోజు సాయంత్రం నాలుగింటికి నీళ్ళు వదులుతారు. మిగతా వేళల్లో గొట్టం ఖాళీ. ఖాళీగా ఉన్నప్పుడు దాని అతుకుల చుట్టూ నాలాలో ఏం పారుతుంటే అది లోపలికి దిగుతుంది. నీళ్ళు వదలగానే అదంతా బిందెల్లోకి వస్తుంది. ఇది ఇంజనీర్లకు తెలుసు, కార్పొరేటర్‌కి తెలుసు, బస్తీలో చంటిపిల్లకి కూడా తెలుసు. మాకు మాత్రం చాలా ఏళ్ళు తెలియలేదు. తెలుసుకోవాల్సిన అవసరం మాకేముంది?

నర్సింహ మెదక్ వైపు మనిషి. మా పునాదుల కోసం బండలు కొట్టడానికి వచ్చాడు. బిల్డింగు లేచాక తోటివాళ్ళు ఇంకో కొండ వెతుక్కుంటూ వెళ్ళిపోతే అతను వాచ్‌మన్‌గా మాతో ఉండిపోయాడు. బస్తీలో మూడో ఇల్లు అతనిది. భార్య ఎల్లమ్మ మా ఫ్లాట్లలో ఇళ్ళు తుడిచేది, బాత్రూములు కడిగేది. కొడుకు బన్నీ, కూతురు అరుణజ్యోతి. నర్సింహ పొట్టి మనిషి, అరచేతులు చెక్కపేడుల్లా ఉండేవి, మాట తక్కువ. ఎవరు తిట్టినా "అట్లనే సారూ" అని వెళ్ళిపోయేవాడు. అతనికి రోషం లేదనుకునేవాళ్ళం.

ఆ రోజుల్లో మా మురుగు ఎటు పోయేదో చెప్పాలంటే సిగ్గుగా ఉంది. వెనక గేటు దగ్గర చాంబర్లో పెద్ద వాల్వు ఒకటి ఉండేది. అది తెరిచే ఉండేది. అంతే, మొత్తం నాలాలోకి. రెండు వేల ఆరు వానాకాలంలో బస్తీలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. బన్నీకి నాలుగేళ్ళు. రెండో రోజు పోయాడు. నేను అరటిపళ్ళు పట్టుకుని పరామర్శకి వెళ్ళాను. నర్సింహ నాకు కుర్చీ వేశాడు. మా వాల్వు సంగతి అతను ఎత్తలేదు, నాకు తట్టలేదు.

తర్వాత పొల్యూషన్ బోర్డు నుంచి నోటీసు వచ్చింది. మెడ మీద కత్తి పడితే తప్ప కదలని మా జనం అప్పుడు కదిలి సెల్లార్‌లో మురుగు శుద్ధి చేసే ప్లాంటు పెట్టించారు. వాల్వు మూసేశారు. పీకేయకుండా, అవసరానికి ఉంటుందిలే అని తాళం వేసి చెవి సెక్రటరీనని నాకిచ్చారు. ఆ వారమే నర్సింహ మా గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు.

"మేడమ్, గా మిషన్ పని నాకియ్యుండ్రి."

"నీకు చదువు రాదు కదయ్యా."

"నేర్చుకుంట. జీతం పెంచకున్నా మంచిదే."

గేటు దగ్గర నిలబడి కాళ్ళు నొప్పులు పుడుతున్నాయేమో అనుకున్నాను. అసలు సంగతి చాలాకాలం తర్వాత నా గిన్నెలు తోముతూ ఎల్లమ్మ చెప్పింది. "బన్నీ పోయిన సంది ఆయనకు ఒక్కటే రంది అమ్మా. మళ్ల ఆ నీళ్లు కిందికి రావొద్దని." నేను పొయ్యి వైపు తిరిగి నిలబడ్డాను.

ప్లాంటు పెట్టిన కంపెనీ నుంచి శ్రీకాంత్ అనే కుర్ర ఇంజనీరు వచ్చి పది రోజులు నేర్పాడు. ప్లాంటుకి ప్రాణం మెంబ్రేన్లు. చూస్తే తెల్లటి దారాలు, సేమ్యాలాగా వేలకు వేలు, ఫ్రేములకు కట్టి మురుగు తొట్టిలో నిలువుగా ముంచి ఉంటాయి. ప్రతి దారం లోపల బోలు, ఒంటినిండా కంటికి ఆనని రంధ్రాలు. పంపు లోపలి నుంచి పీలిస్తే నీళ్ళు మాత్రం లోపలికి వస్తాయి, మురికి బయటే ఆగిపోతుంది. మురికి పేరుకుంటే దారాలకు ఊపిరాడదు, పంపు ఎంత పీల్చినా నీళ్ళు రావు. ఎంత గట్టిగా పీలుస్తోందో గేజీలో ముల్లు చెబుతుంది. పది దగ్గర ఉంటే క్షేమం. నలభై దాటితే ప్రమాదం. చదువురాని నర్సింహ ఆ ముల్లుని గంటకోసారి చూసి గోడ మీద బొగ్గుతో గీతలు గీసేవాడు.

నాకూ అతనికీ స్నేహం కలిసింది వెంట్రుకల దగ్గర. నలభై ఫ్లాట్ల ఆడవాళ్ళు దువ్వుకున్న జుట్టంతా కొట్టుకొచ్చి ఆ దారాలకు చుట్టుకుని జడలు కట్టేసేది. అతను లాగితే దారాలు తెగేవి. ఓ రోజు సెల్లార్‌కి పోయి చూస్తే తెగిన దారం చేత్తో పట్టుకుని ఏడుపు మొహంతో ఉన్నాడు.

"లాగకూడదయ్యా. కింద నుంచి రావాలి, చివళ్ళ నుంచి. ముందు తడిపి ఉంచు, నానాక వేళ్ళతో విడదియ్యి" అని చీర కొంగు దోపుకుని కూర్చుని చూపించాను. చిక్కుపడ్డ విగ్గుల్ని అలాగే విప్పేదాన్ని. హీరోయిన్ల జుట్టు పట్టుకున్న చేతులతో ఊరందరి జుట్టూ ఏరుతున్నాను అని నవ్వాను. అతను నవ్వలేదు. "మీరు గురువు మేడమ్" అన్నాడు. అప్పట్నుంచి ఏ కష్టమొచ్చినా నాకే చెప్పుకునేవాడు.

ఆరేళ్ళు ప్లాంటు గడియారంలా నడిచింది. మా జనం అలాంటిది ఒకటి ఉందన్న మాటే మరిచిపోయారు. ఈలోగా హైటెక్ సిటీ పెరిగి ఇంటికి నలుగురు ఉండాల్సిన ఫ్లాట్లలో ఎనిమిదేసి మంది సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు దిగారు. ఒకరు పనికి పోతుంటే ఇంకొకరు వస్తారు, రోజంతా ఎవరో ఒకరు స్నానం చేస్తూనే ఉంటారు. దారాలకు రెట్టింపు పని. ఆ కుర్రాళ్ళని ఏమనను, పాపం, వాళ్ళ తిప్పలు వాళ్ళవి. శ్రీకాంత్ కూడా ప్లాంటు కంపెనీ వదిలేసి సాఫ్ట్‌వేర్‌లో చేరిపోయాడు. అతనొక్కడే కాదు, ఆ కంపెనీలో పని తెలిసినవాళ్ళంతా అదే దారి పట్టారు. ఫోను చేస్తే ఎత్తేవాడు లేడు.

రెండు వేల పన్నెండు మే నెల. దారాలను నెలకోసారి హైపో అనే మందు నీళ్ళతో కడగాలి. డబ్బాల్లో వచ్చే ఆ మందు నెలన్నరగా రాలేదు. నేను రెండుసార్లు ఫోను చేసి చేతులు దులుపుకున్నాను. ముల్లు రోజురోజుకీ పైకి పోతోంది. నర్సింహకి కాలు నిలవలేదు. బస్తీలో జ్వరాలు వచ్చినప్పుడల్లా మునిసిపాలిటీ వాళ్ళు బ్లీచింగ్ పౌడర్ చల్లిపోతారు, సంపులు కడగడానికి మూట ఇచ్చిపోతారు. బన్నీ పోయాక కూడా అదే చల్లారు. ఘాటు వాసన వస్తే రోగం చచ్చినట్టే అని అక్కడ అందరి నమ్మకం. హైపో వాసనా అదే. రెండూ ఒకటే అనుకున్నాడు. ఇంటి నుంచి మూట తెచ్చి, బోరు నీళ్ళలో కలిపి, ఎల్లమ్మ పాత చీరలో వడగట్టి దారాలకు పట్టించాడు.

మర్నాటికి ముల్లు నలభై ఐదు. నర్సింహ ఇంకాస్త పౌడర్ కలిపాడు. ఆ మర్నాటికి పంపు ఆగిపోయింది.

అతను నా దగ్గరికి వచ్చాడు. "మేడమ్, నా చేతులతోని పాడు చేసుకున్న" అన్నాడు. కంపెనీ వాళ్ళని ఎలాగో పట్టుకుంటే, మెంబ్రేన్లు పోయినట్టే, కొత్తవి రావడానికి రెండు నెలలు అన్నారు. సెల్లార్‌లో మురుగు తొట్టి సగం రోజుకి నిండుతుంది. ట్యాంకర్లతో తోడించడం మొదలుపెట్టాం. ఎండాకాలం, ట్యాంకరు దొరకడమే గగనం. అత్యవసర సమావేశం పెడితే పది నిమిషాల్లో తేల్చేశారు.

"వెనకాల వాల్వు ఉంది కదండీ. రెండు నెలలు తెరిచి పెడదాం. అంతకు ముందు తెరిచే ఉండేది కదా."

అన్నది గ్రౌండ్ ఫ్లోర్ పట్టాభిరామయ్యగారు. షూటింగులకు జనరేటర్లు అద్దెకిచ్చే వ్యాపారం. చెడ్డ మనిషి కాదు, దేవుడి గదిలో గంటసేపు కూర్చునే మనిషి. సెల్లార్ పొంగితే ముందు పొంగేది ఆయన బాత్రూములే. మూల నిలబడ్డ నర్సింహ అప్పుడు మాట్లాడాడు. సమావేశంలో అతని గొంతు వినడం అదే మొదటిసారి.

"మూడు దినాలు టైమియ్యుండ్రి సారూ. కాళ్లు మొక్కుత. వాల్వు తెరువకుండ్రి. కింద పిల్లలున్నరు."

మూడు రోజులు ఇచ్చారు. ఇప్పించింది నేనే, ఆ మాట మాత్రం చెప్పుకుంటాను.

మొదటి రెండు రోజులూ నరకం. అతను దారాలను మంచినీళ్ళతో కడిగాడు, గాలి కొట్టాడు, వేళ్ళతో నిమిరాడు. ముల్లు కదల్లేదు. తిండి మానేశాడు. ఎల్లమ్మ అన్నం డబ్బా పట్టుకుని సెల్లార్‌కి వచ్చి ఫ్రేము మీద తెల్లగా పట్టినదాన్ని గోరుతో గీకింది.

"గిది సున్నమే గదా" అంది. "మీ బాత్రూంల నల్లాలకు పట్టేది గిదే. రోజు గీకుతనే ఉంట. నిమ్మ ఉప్పు నీళ్లల నానబెడితే అదే ఊడొస్తది. దీనికింత లొల్లెందుకు?"

శ్రీకాంత్ పాత నంబరు వెతికి పట్టుకుని ఫోను చేశాను. ఆఫీసులో ఏదో మీటింగు మధ్యలో ఉన్నాడు.

"బ్లీచింగ్ పౌడర్ వేశారా మేడమ్? దాంట్లో సున్నం ఉంటుందండీ. మీ బోరు నీళ్ళు హార్డు. రెండూ కలిసి రంధ్రాలన్నీ మూసేశాయి. ఆవిడ చెప్పింది కరెక్టే, సిట్రిక్ యాసిడ్ అంటే నిమ్మ ఉప్పే. వెయ్యి లీటర్లకి ఇరవై కేజీలు, ఎనిమిది గంటలు నానాలి. కానీ ముందు బ్లీచింగ్ వాసన పూర్తిగా పోయేదాకా కడగాలండీ. ఆ రెండూ కలిస్తే విషవాయువు. సెల్లార్‌లో మనిషి మిగలడు, చెప్పండి అతనికి."

ఎర్రగడ్డ మార్కెట్‌కి పోయాం. కిరాణా కొట్లన్నీ తిరిగి, ఉన్న నిమ్మ ఉప్పంతా కొన్నాం. ఒక కొట్టాయన "ఎవల పెండ్లి అమ్మా, గింత పులుపు?" అని అడిగాడు. మూడు రోజుల్లో నర్సింహ మొహాన నవ్వులాంటిది అప్పుడొకసారి కనపడింది.

మూడో రోజు. తెల్లవారుతూనే గొలుసు కప్పీతో ఫ్రేములు పైకి లేపాడు. మొహానికి తడి తువ్వాలు కట్టుకుని మూడుసార్లు కడిగి, ప్రతిసారీ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. ఉదయం తొమ్మిదికి పెద్ద ప్లాస్టిక్ తొట్టిలో నిమ్మ ఉప్పు కలిపి దారాలను అందులో దించాడు. దించీ దించగానే సోడా కొట్టినట్టు బుసబుసమని నురగ. అతను తొట్టి అంచు పట్టుకుని వంగి చూస్తూ "కరుగుతుంది మేడమ్, కరుగుతుంది" అని చిన్నపిల్లాడిలా అరిచాడు. నాకు కళ్ళు తిరిగేంత సంతోషం వేసింది.

"ఐదింటికి తీస్త. ఆరింటికి ప్లాంటు నడుస్తది. అప్పటిదాక గా వాల్వు ఎవ్వల్ని ముట్టనియ్యకుండ్రి మేడమ్. ఇయ్యాల నాలుగింటికి మాకు నీళ్ల రోజు."

"నా ప్రాణం ఉండగా ఎవరినీ ముట్టనివ్వను" అన్నాను.

ఆ రోజే పట్టాభిరామయ్యగారి షష్టిపూర్తి. ముహూర్తం మూడు నెలల కిందట పెట్టుకున్నది, రాజమండ్రి నుంచి చుట్టాలొచ్చారు, ఇంటినిండా డెబ్భై మంది. ఆ డెబ్భై మందీ చేతులు కడుగుతారు, కాళ్ళు కడుగుతారు. ఒంటిగంటకి రావాల్సిన ట్యాంకరు రాలేదు. డ్రైవరు ఫోను ఎత్తలేదు. నేను పది సార్లు చేశాను. మూడింటికి ఆయన భార్య లీలాకుమారిగారు పట్టుచీరలో, మెళ్ళో తాజాగా కట్టిన రెండో తాళితో, ఏడుస్తూ నా తలుపు కొట్టారు.

"ఏమండీ, బాత్రూములోంచి మురుగు పైకి తన్నుకొస్తోందండీ. హాల్లోకి వచ్చేస్తోంది. పీటల మీద కలశం ఉంది. వియ్యాలవారు ముక్కులు మూసుకుంటున్నారు. మీ కాళ్ళు పట్టుకుంటాను."

పరుగెత్తి చూశాను. నిజమే. ముగ్గు మీదికి నల్లటి నీళ్ళు పాకుతున్నాయి. పిల్లలు మంచాలెక్కి ఏడుస్తున్నారు. అందరూ నా వైపే చూస్తున్నారు. వాల్వు తాళంచెవి నా బొడ్డులో దోపి ఉంది.

పది నిమిషాలు అనుకున్నాను. పది నిమిషాలు తెరిస్తే తొట్టి కాస్త దిగుతుంది, పది నిమిషాలకే కొంపలు మునగవు. నర్సింహకి చెబితే ఒప్పుకోడు. అందుకని చెప్పలేదు. వెనక గేటు దగ్గరికి నేనే వెళ్ళాను. కొత్త వాచ్‌మన్‌ని పంపలేదు, అతను నర్సింహతో చెప్పేస్తాడని. వాల్వు తుప్పు పట్టి బిగుసుకుపోయింది. రెండు చేతులా పట్టుకుని తిప్పాను. కింద నాలాలోకి మురుగు దూకిన చప్పుడు విన్నాను.

తిరిగొచ్చేసరికి హాలు కడుగుతున్నారు. లీలాకుమారిగారు నా చేయి వదల్లేదు. "మీరు దేవతండీ. ఆకు వేశాం, రెండు ముద్దలు తిని వెళ్ళండి" అని కూర్చోబెట్టారు. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు నేను. పులిహోర వడ్డించారు. బూరె వడ్డించి నెయ్యి పోశారు. పెరుగు కోసం ఆగాను. ఇది దాచాలని ఎంతో ప్రయత్నించాను గానీ దాచి రాస్తే ఈ రాత ఎందుకు? పెరుగు కోసం ఆగాను. చేయి కడుక్కుని గడియారం చూస్తే నాలుగు కావడానికి పావుగంట ఉంది. పరుగున వెళ్ళి వాల్వు మూశాను. అప్పుడైనా సెల్లార్‌కి పోయి చెప్పాల్సింది. ఏమీ కాదులే, నీళ్ళు వదిలేలోపు మురుగంతా కిందికి పారిపోతుందిలే అని నా గదిలో కూర్చున్నాను. నాలుగైంది. నాలుగున్నరైంది. నేను కూర్చునే ఉన్నాను.

ఐదున్నరకి నర్సింహ వచ్చాడు. చేతులు మోచేతుల దాకా పాలిపోయి ఉన్నాయి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చేతిలో గాజు గ్లాసులో నీళ్ళు, అవతల గోడ మీద గీత కూడా కనపడేంత తేటగా.

"ముల్లు పన్నెండుకు దిగింది మేడమ్. కొత్తప్పటి లెక్కనే గుంజుతుంది. నడుమల ట్యాంకర్ వచ్చినట్టుంది, తొట్టి మస్తు దిగింది. నేను వొంగి దారాలు చూసుకుంటున్న, మోటర్ మోతల ఏం వినరాలే. మీరే తిప్పలు పడి పిలిపిచ్చి ఉంటరు. మీరు లేకుంటే ఇయ్యాల నాతోని కాకపోతుండె."

అతను నాకు కృతజ్ఞతలు చెబుతున్నాడు. నా నోట్లో బూరె తీపి ఇంకా ఉంది.

"ట్యాంకరు రాలేదు నర్సింహా" అన్నాను.

అతనికి ఒక్క క్షణం పట్టింది. తర్వాత వెనక గేటు వైపు చూశాడు.

"ఎంత సేపు?"

"ముప్పావు గంట."

"ఎన్నింటికి?"

"మూడింటి నుంచి."

గ్లాసు మెట్టు మీద పెట్టి పరుగెత్తాడు. చెప్పులు కూడా వేసుకోలేదు. వెనకాలే నేనూ దిగాను, అరవై ఏళ్ళ మోకాళ్ళతో, ఆ రాళ్ళ మెట్ల మీద.

ఎల్లమ్మ గుమ్మంలో ఆరు బిందెలు నిండి వరసగా ఉన్నాయి. అతను మాటా పలుకూ లేకుండా ఒక్కొక్కటే బోర్లించడం మొదలుపెట్టాడు. ఎల్లమ్మ అరిచింది. "ఏమన్న పిచ్చి లేసిందా నీకు? రెండు దినాలకోపారి వచ్చే నీళ్లు!"

"తాగినవా?"

"నేను తాగలే. ఏమైందో చెప్పరాదు?"

"బిడ్డ?"

అరుణజ్యోతి పాత బడి యూనిఫాంలో తలుపు పట్టుకుని నిలబడి ఉంది. పదకొండేళ్ళ పిల్ల. తండ్రి మొహం చూసి భయపడిపోయింది. "ఆడుకొని రాంగనే తాగిన నాయనా. దూపయింది. రెండు గ్లాసులు" అంది.

నర్సింహ ఆ తడి నేల మీద కూలబడ్డాడు. బండలు కొట్టిన మనిషి, ఏడుపు ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. నాకు చచ్చిపోవాలనిపించింది. ఇరుగుపొరుగు పోగయ్యారు. ఏమైంది, ఏమైంది అని అడుగుతున్నారు. అతను తల ఎత్తకుండానే చెప్పాడు.

"నీళ్లల మురికి కలిసింది. ఎవ్వలు తాగకుండ్రి. మిషన్ నేనే చెడగొట్టిన. తప్పు నాదే."

అప్పటికి గానీ నా నోరు తెరుచుకోలేదు. "కాదు. వాల్వు తిప్పింది నేను" అన్నాను. ఎల్లమ్మ నా వైపు చూసింది. ఆరేళ్ళు నా ఇంట్లో పని చేసింది, ఎప్పుడూ అలా చూడలేదు. ఆ చూపు గురించి ఇంతకంటే రాయలేను.

నర్సింహ లేచాడు. "గదంత తర్వాత మేడమ్" అన్నాడు. గొంతులో కోపం లేదు, నా మీద కోప్పడేంత తీరిక అతనికి లేదు. "ఎల్లమ్మా, బిడ్డకు నీళ్లు మసలబెట్టి ఉప్పు చక్కెర కలిపి తాపుతనే ఉండు. మేడమ్, గీ వరుస నేను పోత, గా వరుస మీరు పొండ్రి. ఇల్లిల్లు చెప్పుండ్రి. ఒక్కలు కూడ తాగొద్దు." కూతురి తల మీద ఒకసారి చేయి వేసి, పక్కింటి బిందెల వైపు నడిచాడు.

తర్వాత జరిగింది క్లుప్తంగా చెబుతాను. ఆ వారం బస్తీలో పదిహేడు మంది పడ్డారు. అరుణజ్యోతి నాలుగు రోజులు సెలైన్ మీద ఉంది. మూడో రోజున డాక్టరు ఏమీ చెప్పలేమన్నాడు. బతికింది. అందరూ బతికారు. ఇల్లిల్లూ తిరిగి బిందెలు పారబోయించినందుకే అంతటితో పోయిందని ఆసుపత్రి వాళ్ళు అన్నారు. ఆ నాలుగు రోజులూ ట్యాంకర్లు పిలిపించి తోడించాం. నర్సింహ ఐదో రోజున సెల్లార్‌కి వచ్చి పంపు వేశాడు, అతను రాకపోతే మళ్ళీ అంతా కిందికే కదా. ఆ వాల్వు చాంబర్ని మాత్రం అదే రోజు ఒక్కడే సిమెంటుతో పూడ్చేశాడు. ఎవరినీ అడగలేదు. ఎవరూ ఆపలేదు. ఇంకో ఆరేళ్ళు పని చేసి, ఊపిరితిత్తులు పాడై ఊరికి వెళ్ళిపోయాడు.

కానీ నర్సింహ గురించి ఎవరైనా అడిగితే నాకు గుర్తొచ్చేది అతను నాకు అప్పజెప్పిన ఆ వరస. అందులో మొదటి ఇల్లు కౌసల్యమ్మ అనే ముసలావిడది. కళ్ళు సరిగా కనపడవు. గడప మీద కూర్చుని చెంబులో నీళ్ళు ముంచుకుంటోంది.

"తాగకండమ్మా, పారబోయండి. మా మురుగు మీ నీళ్ళలో కలిసింది. వాల్వు తిప్పింది నేనే."

ఆవిడ చెంబు పక్కన పెట్టి నా గొంతు వచ్చిన వైపు మొహం తిప్పింది. తిట్టలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

"ఎందుకు తిప్పినవ్ బిడ్డా?"

"మా అపార్ట్‌మెంటులో షష్టిపూర్తి అమ్మా. ఇంట్లోకి మురుగొచ్చింది. భోజనాలు నడుస్తున్నాయి" అన్నాను.

"శుభకార్యం నాడు ఇంట్ల మురికుంటే మంచిగుండది తియ్యి" అంది, నన్నే ఓదారుస్తున్నట్టు. చెంబు నీళ్ళు వాకిట్లో పారబోసింది. "లోపల ఇంక రెండు బిందెలున్నయ్ బిడ్డా. నాతోని లేవయి. నువ్వే పారబొయ్యి" అంది.

లోపలికి వెళ్ళి రెండు బిందెలూ ఎత్తి పారబోశాను.